దూరం అందని రింగు

మినోరీ, ఆ సొరుగు మూసి ఇలా రా. కాళ్లు కుంపటిబల్ల దుప్పటి కింద దూర్చి, చెవి మాత్రం నావైపు పెట్టు. నీ చేతిలో ఉన్నది గాజు అనుకుని తొడుక్కోబోతున్నావు కానీ, అది నీ మణికట్టుకు ఎక్కదు, వేలికి నిలవదు. అల్యూమినియం రింగు అది. మీ చిన్నతాత క్యూజి తన చేతులతో మరపట్టి చేసింది. ఒక పక్కన మర పళ్లున్నాయి చూడు, అక్కడ లెన్సు ఎక్కుతుంది. రెండో పక్క మూడు చెవులున్నాయి, అవి కెమెరాలో కూర్చుంటాయి. లెన్సు నోరు ఒక తీరు, కెమెరా నోరు ఇంకో తీరు అయినప్పుడు మధ్యలో నిలబడి ఆ రెండింటికీ సంబంధం కుదిర్చేది ఇదే.

నేను బడికి వెళ్లిన రోజులకన్నా పట్టుపురుగులకు ఆకు వేసిన రోజులే ఎక్కువ. అయినా ఈ రింగు సంగతి నాకు తెలిసినంత బాగా చదువుకున్నవాళ్లకైనా తెలియదు. ఎందుకంటే ఒక వసంతకాలమంతా నా ప్రాణం దీని మందంలో ఇరుక్కుని ఉండిపోయింది. ఆ కథ చెబుతాను, విను.

ఆ మార్చి నెలలో భూమి కదిలిన మర్నాడు పొద్దున్నే మా కురినోసావాకు మైకు బండి వచ్చింది. సముద్రం ఒడ్డున కరెంటు తయారుచేసే అణు కేంద్రంలో ఏదో జరిగిందట, అందరూ ఉన్నపళంగా బస్సులెక్కాలట. సన్నగా మంచు పడుతోంది. పొయ్యి మీద అన్నం అప్పుడే ఉడికింది. ఆ అన్నం ఉండలు చేసి గుడ్డలో మూటకట్టాను.

"ఎన్నాళ్లకు తిరిగొస్తాం బాబూ?" అని బస్సు అబ్బాయిని అడిగాను.

"రెండు మూడు రోజులు అనుకుంటున్నారమ్మా. నాకూ అంతకన్నా తెలీదు."

మాకు నాలుగు నల్లావులుండేవి. పాలకు కాదు, దూడలకోసం పెంచే జాతి. కొయుకి పెద్దది, గడుసుది. కికుయె పిరికిది, గొడుగు తెరిస్తే బెదిరేది. ఫుకుమికి తిండి తప్ప వేరే ధ్యాస లేదు. నత్సు తొలిచూలుది, ఏప్రిల్లో ఈనాల్సి ఉంది.

"ఏమయ్యా, తాళ్లు విప్పెయ్. తలుపు తీసిపెట్టు. నాకెందుకో మనసొప్పడం లేదు," అన్నాను మీ తాతయ్యతో.

"సరేలే, నువ్వెళ్లి బస్సులో చోటు పట్టు," అని ఆయన కొట్టంవైపు వెళ్లాడు.

ఇక్కడ మీ తాతయ్య అలవాటు ఒకటి చెప్పాలి. పొద్దస్తమానం ఆయన మెడలో నీలిచారల తువ్వాలు ఉండేది. సాయంత్రం మేత వేసి, నీళ్లు చూసి, తలుపు మూసి, ఇనుప బారు అడ్డంగా దించాక ఆ తువ్వాలు తీసి బారుకు ముడివేసి ఇంట్లోకి వచ్చేవాడు. తువ్వాలు మెడలో ఉంటే పని మిగిలినట్టు, బారుకు ఉంటే అయిపోయినట్టు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి నేను వంటింటి కిటికీలోంచి ఆ బారు చూసే పులుసు దించేదాన్ని.

బస్సులో మా పక్కింటి నొబుయె అప్పటికే కిటికీ సీటు పట్టేసింది. మీ తాతయ్య కొట్టంవైపు పోతుంటే అద్దం దించి కేకేసింది. "బావగారూ! ఆవుల్ని గట్టిగా కట్టండి! నా ఉల్లిమడి ఇప్పుడిప్పుడే కుదురుకుంటోంది! ముల్లంగి సంగతి నేనింకా మర్చిపోలేదు!"

బస్సంతా నవ్వింది. అంతకు ముందు శరదృతువులో కొయుకి తాడు తెంపుకుని నొబుయె ముల్లంగి సాలు మొత్తం మేసేసింది. ఆమె నష్టం అడగలేదు, నవ్వి ఊరుకుంది. కానీ మీ తాతయ్య చిక్కుడు మిఠాయిల పెట్టె పట్టుకుని వాళ్ల గడపలో నిలబడి, ఆమె చాలు చాలంటున్నా వినకుండా వంగి వంగి క్షమాపణ చెప్పి వచ్చాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలేదు. మా ఊరి మనుషులంతే. పక్కవాడి పొలంలో మన పశువు కాలు పడితే మన మొహం మట్టిలో పడ్డట్టే.

ఆయన బస్సెక్కేసరికి జుట్టంతా మంచు. కోటు జిప్పు గడ్డందాకా లాగి ఉంది.

"విప్పేశావా?"

"విప్పేశా. తలుపు తీసే ఉంది," అన్నాడు కిటికీవైపు చూస్తూ.

ఊపిరి పీల్చుకుని ఆయన చేతిలో అన్నం ముద్ద పెట్టాను. ఆయన దాన్ని పట్టుకునే కూర్చున్నాడు.

రెండు మూడు రోజులు కాస్తా వారాలయ్యాయి. ఎక్కడో కొండల అవతల ఒక బడి ఆటల హాల్లో అట్టముక్కల గోడల మధ్య పడుకున్నాం. పెట్రోలు లేదు, బండి లేదు, వెనక్కి వెళ్లే దారి లేదు. ఒకరోజు నొబుయె వేడినీళ్లు తెచ్చుకుంటూ మా అట్టగోడ దగ్గర ఆగింది.

"బావగారూ, ఆవుల్ని వదిలేశారటగా, అక్క చెప్పింది. అయితే ఈపాటికి నా ఉల్లిపాయలు హరీ!"

ఎవరితోనూ మాట్లాడకుండా గోడకేసి కూర్చునే మీ తాతయ్య లేచి మోకాళ్ల మీద కూర్చుని, రెండు చేతులూ నేలకు ఆనించి తల వంచాడు. "నష్టం జరిగింది. క్షమించాలి."

"అయ్యో! తమాషాకన్నాను బావగారూ. తిననివ్వండి పాపం, అవైనా కడుపునిండా తింటున్నాయి," అంది నొబుయె. నాకూ నవ్వొచ్చింది. ఉల్లిపాయలు తిన్న కొయుకి నోటి వాసన తలచుకుని చాలారోజుల తర్వాత నవ్వాను.

"నీ తువ్వాలేదయ్యా?" అనడిగాను ఆ సాయంత్రం ఆయన మెడ చూసి.

"బస్సులో పోయింది," అన్నాడు.

ఏప్రిల్ చివర్లో మీ చిన్నతాత వచ్చి మమ్మల్ని తన ఇంటికి తీసుకుపోయాడు. ఆయన ఊరు గీతకు ఇవతల ఉంది. అప్పటికి ఆ కేంద్రం చుట్టూ ఇరవై కిలోమీటర్లకు గీత గీసేశారు. లోపలికి అడుగుపెడితే పోలీసులు పట్టుకుంటారు. మా కురినోసావా గీతకు మూడు కిలోమీటర్లు లోపల పడింది. మూడంటే మూడే. రోజూ నడిచే మనుషులం, గంటలోపు దూరం.

క్యూజికి సందులో కెమెరాలు బాగుచేసే దుకాణం. ఎదురుగా మంగలి దుకాణం, దాని గుమ్మంలో రంగుచారల కంబం. భూకంపానికి అద్దాల అల్మారాలు బోర్లాపడి కెమెరాలు సగం ముక్కలయ్యాయి కానీ, చెక్కపెట్టెల్లో దూది మధ్య పెట్టిన పాత లెన్సులు మిగిలాయి. ఆ లెన్సులను పుట్టించిన కెమెరాలు ఎప్పుడో చచ్చిపోయాయి. ఒక్కోదానికి ఒక్కో రకం నోరు. క్యూజి దగ్గర అరచేతిలో పట్టే కొత్త కెమెరా ఒకటుండేది. లోపల అద్దం లేని రకం, వెనక చిన్న తెర. ఊరి పిల్లలు దాన్ని చిన్నతాత అగ్గిపెట్టె అని వెక్కిరించేవారు. పెళ్లాం పోయాక ఆయనకు అదే కాలక్షేపం. దిక్కులేని లెన్సులన్నిటికీ రింగులు చేసి దానికి తగిలిస్తూ ఉండేవాడు.

"వయసు మీద పడ్డాక బొమ్మలాటేంటి మరిదీ?" అన్నాను.

"బొమ్మలాటే వదినా. కానీ ఈ బొమ్మ ఎంత దూరం చూస్తుందో తెలుసా?" అని మోచేయంత పొడుగు లెన్సు ఒకటి దూదిలోంచి తీశాడు. "ఇది పెద్ద కెమెరా లెన్సు. ఇది పోసే వెలుగు పళ్లెమంత. పెద్ద కెమెరా ఆ పళ్లెమంతా తినేస్తుంది. మన అగ్గిపెట్టె లోపలి పలక చిటికెనవేలి గోరంత. పళ్లెం మధ్యలోంచి ఒక్క మెతుకు తీసుకుంటుంది. ఆ ఒక్క మెతుకే బొమ్మ మొత్తం నిండిపోతుంది. కొండ అవతలి కాకి నీ ముక్కు మీద వాలినట్టుంటుంది."

నా చేతిలో గిన్నె ఆగిపోయింది. "కరసు కనుమ మీద నుంచి మా కొట్టం కనిపిస్తుందా?"

క్యూజి నవ్వు ఆపేశాడు. కరసు కనుమ గీతకు ఇవతలే ఉంది. అక్కడ నిలబడితే మా లోయంతా పరుచుకుని కనిపిస్తుంది, మా నీలిరేకుల కప్పు మాత్రం మినపగింజంత.

"కనిపిస్తుంది వదినా."

"ఎందుకే ఆ తిరుగుడు?" అన్నాడు మీ తాతయ్య మూలనుంచి. "వదిలేశానని చెప్పాను కదా. అడవిలో ఎక్కడో మేస్తుంటాయి. చూసినంత మాత్రాన తిరిగొస్తాయా?"

"బతికున్నాయో లేదో తెలిస్తే చాలు. నత్సు ఈనిందో లేదో. ఆ ఒక్క మాట తెలియక నాకు తిన్నది ఒంటికి పట్టడం లేదయ్యా."

ఆయన లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు.

అలా మొదలైంది. మొదటిసారి వెళ్లినప్పుడు పొడుగు లెన్సుకు రింగు ఇంకా తయారవలేదు. పాతకాలంలో ఇళ్లలో పెళ్లిళ్లకు సినిమా తీసే కెమెరాది, బొటనవేలంత లెన్సు ఒకటి తగిలించి తెచ్చాడు. ఆ అగ్గిపెట్టె మీద అది పుట్టినప్పటి నుంచి అక్కడే ఉన్నట్టు ఎంత ముద్దుగా కూర్చుందో! చూస్తే మాత్రం కళ్లతో కనిపించినంత కూడా కనిపించలేదు. రెండోసారి స్టూడియోలో పెళ్లికూతుళ్లను తీసే లెన్సు తెచ్చాడు. మూడుకాళ్ల స్టాండు భూకంపానికి విరిగిపోయింది కాబట్టి చేత్తో పట్టుకునే తీశాడు. తెరమీద గోరంత కొట్టం, దాని స్తంభాలన్నీ తాగినవాళ్లలా ఒకవైపు ఒరిగి ఉన్నాయి.

"క్యూజీ! కొట్టం ఒరిగిపోయింది! అవి లోపలే ఉంటే!" అని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను.

"ఒరగలేదు వదినా, ఒరగలేదు. ఈ కెమెరా బొమ్మను పై నుంచి కిందికి గీత గీతగా చదువుతుంది. దాని సొంత లెన్సులైతే లోపల తలుపు ఉంటుంది, ఠపీమని మూస్తుంది. పరాయి లెన్సుకు ఆ తలుపు లేదు. చదువుతుండగా నా చెయ్యి కదిలింది. నా చెయ్యి ఒరిగింది, కొట్టం కాదు."

నమ్మాను. నమ్మకపోతే నిలబడలేను.

రోజూ సాయంత్రం క్యూజి చిన్న మరయంత్రం ముందు కూర్చుని పొడుగు లెన్సుకు రింగు మరపట్టేవాడు. మీ తాతయ్య పక్కన కూర్చుని దీపం పట్టుకునేవాడు, అడిగిన పనిముట్టు అందించేవాడు. వెళ్లొద్దు, చూడొద్దు అన్న మనిషే అంత శ్రద్ధగా ఎందుకు సాయం చేస్తున్నాడో నాకప్పుడు అర్థం కాలేదు. రింగు అయ్యాక లెన్సు బిగించి ఎదురుగా మంగలి దుకాణం మీదికి గురిపెట్టారు.

"అన్నయ్యా, లెన్సు మీది ఈ పట్టీ ఇటు తిప్పితే దగ్గరిది తేటపడుతుంది. అటు చివరిదాకా తిప్పితే దూరానిది. తిప్పి చూడు," అన్నాడు క్యూజి.

మీ తాతయ్య తిప్పాడు. "మంగలి కంబం మీద ఈగ కాళ్లు కడుక్కుంటోంది," అన్నాడు.

అందరం ఈగను చూసి మురిసిపోయాం.

కనుమ మీదికి ఎక్కాక ఆ మురిపెం ఎగిరిపోయింది. కొత్త స్టాండు మీద లెన్సు కొండంత ఠీవిగా నిలబడింది. తెర ఎండకు కనపడదని క్యూజి కోటు నెత్తిన కప్పుకుని చూశాను. ఏదో నీలం, ఏదో ఆకుపచ్చ, నీళ్లలో కలిసిన రంగుల్లా. పట్టీని చివరిదాకా తిప్పినా అంతే.

"వసంతకాలం పొగమంచు వదినా. ఇంకోరోజు వద్దాం," అన్నాడు.

ఇంకోరోజు వెళ్లాం. అదే నీళ్లరంగు. వాన వెలిసిన మర్నాడు వెళ్లాం. అదే. కనుమ కింద గీత దగ్గర కాపలా ఉన్న పోలీసబ్బాయి ఎక్కడో దక్షిణాదివాడు, వాడి యాస మాకు సగమే తెలిసేది. "అమ్మా, ఏం కనపడింది?" అని ప్రతిసారీ అడిగేవాడు. ప్రతిసారీ తల అడ్డంగా ఊపేదాన్ని. ఒకరోజు ఆ అడ్డుకట్ట పట్టుకుని, "నన్నొక్కదాన్నే పోనీ బాబూ, తలుపు చూసి వచ్చేస్తాను, నీకు దణ్ణం పెడతాను," అన్నాను. వాడు ఏడుపు మొహం పెట్టుకుని నాకే దణ్ణం పెట్టాడు. క్యూజి నన్ను భుజాలు పట్టుకుని బండెక్కించాడు.

మే నెల మధ్యలో పశువుల శాఖనుంచి ఒక పెద్దమనిషి దుకాణానికి వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. గీత లోపల తిరుగుతున్న పశువుల్ని ఇక బయటికి తేవడం కుదరదు, నొప్పి తెలియకుండా చంపేయాలని పైనుంచి వచ్చింది, యజమాని ఒప్పుకుని సంతకానికి బదులు తన పేరు ముద్ర వేయాలి అని చెప్పి, నేలవైపు చూస్తూ నిలబడ్డాడు. ఆయన ఇంటి వెనకా పశువులున్నాయేమో.

"వెయ్యం," అన్నాను నేను. "మా ఆవులు బతికి తిరుగుతుంటే చంపమని మేమే చెప్పాలా? ఎలా చెప్తాం?"

మీ తాతయ్య, "ముద్ర ఎక్కడో పెట్టాను. వెతికి చెబుతాను," అన్నాడు.

ముద్ర ఆయన నడుం సంచిలోనే ఉందని నాకు తెలుసు. నా పక్షానే ఉన్నాడనుకుని పొంగిపోయాను. పెద్దమనిషి వచ్చే వారం వస్తానని వెళ్లిపోయాడు. ఇంక వారంలోపు నేను నా ఆవుల్ని చూడాలి. నాలుగూ పచ్చగడ్డిలో నిలబడి కనబడితే ఆ ముద్ర నా దంతాల మధ్య పెట్టుకుని అయినా దాచేస్తాను. లేదంటే, లేదంటే అన్నది నేను ఆలోచించలేదు.

ఆ సాయంత్రం చీకటి పడేముందు క్యూజి పెరట్లో లెన్సు తుడుస్తున్నాడు. పైన్ చెట్టు మీదికి చంద్రుడు వచ్చాడు. ఊరికే అటు తిప్పి చూశాడు. పట్టీని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. చివరిదాకా తిప్పి, ఇంకా తిరగదని తెలిసీ గట్టిగా నొక్కాడు. తర్వాత అక్కడే చతికిలబడిపోయాడు.

"ఏమైంది?"

"చంద్రుడు పిండిముద్దలా ఉన్నాడు వదినా. కింద పొగమంచంటే అనుకోవచ్చు. చంద్రుడికి పొగమంచేంటి?" అని లెన్సు ఊడదీసి రింగును వేళ్లమధ్య పట్టుకున్నాడు. "తప్పు దీనిదే. నాదే. వెంట్రుకవాసి మందం ఎక్కువైంది. లెన్సు తన చోటుకన్నా వెంట్రుకవాసి ముందుకు నిలబడింది. అప్పుడు దగ్గరివన్నీ తేటగా కనిపిస్తాయి, దూరం మాత్రం అందదు. ఎంత తిప్పు, అందదు. నేను మంగలి కంబం మీద పరీక్ష పెట్టాను. ఈ సందులో అంతకన్నా దూరం ఏముంది? నలభై ఏళ్లుగా ఈ సందుకు తగ్గట్టే చూస్తున్నాను."

అంతే మినోరీ. ఇన్ని రోజులూ నాకూ నా ఆవులకూ మధ్య గీత కాదు, కొండ కాదు, ఒక వెంట్రుక అడ్డం నిలిచింది.

అద్దం పలక మీద నీళ్లతో తడిపిన గరుకు కాగితం పరిచి రింగును రుద్దడం మొదలుపెట్టాం. ఒకవైపే అరిగితే లెన్సు మెడ వంకరపోతుంది. అందుకని ఎనిమిది అంకె గీసినట్టు, గుండ్రంగా, సమంగా రుద్దాలి. క్యూజి వేళ్లు నొప్పెడితే నేను, నాకు నొప్పెడితే ఆయన. నీళ్లు బూడిదరంగుకు తిరిగాయి. కాస్త రుద్దడం, బిగించడం, చంద్రుణ్ణి చూడడం, మళ్లీ ఊడదీయడం. ఎక్కువ అరిగినా పనికిరాదు. మీ తాతయ్య గుమ్మంలో నిలబడి మా చేతులనే చూస్తున్నాడు.

ఒకసారి బిగించి చూసి క్యూజి పక్కకు జరిగాడు. తెరమీద చంద్రుడి మొహంలో గుంటలన్నీ కనబడ్డాయి, మశూచి మచ్చల్లా. నేను కేక వేశాను. వెనక్కి తిరిగి చూస్తే గుమ్మంలో మీ తాతయ్య లేడు.

మర్నాడు రాత్రంతా వాన. ఆపై తెల్లవారి ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. "ఈరోజు నువ్వూ రావాలి," అన్నాను మీ తాతయ్యతో. చెప్పులు వేసుకుని వచ్చి బండిలో కూర్చున్నాడు.  కనుమ మీద దిగమన్నా దిగలేదు. "మీరు చూడండి," అన్నాడు.

క్యూజి ముందు చూశాడు. కోటు కింద ఆయన వీపు మాత్రమే నాకు కనిపిస్తోంది. పట్టీ తిప్పుతున్న మోచెయ్యి కాసేపు కదిలింది, తర్వాత ఆగింది. ఎంతసేపటికీ లేవడు.

"ఏముంది మరిదీ?"

లేచాడు. నావైపు చూడలేదు. "నువ్వే చూడు వదినా. ఊపిరి బిగబట్టు, బొమ్మ ఊగుతుంది."

కోటు కప్పుకుని వంగాను.

మా ఇల్లు. కొట్టం మీది నీలిరేకులు. ఇంటికప్పు నుంచి రాలిపడిన రెండు పెంకులు. చిగురేసిన పెరటి పండ్లచెట్టు. ఆకులు లెక్కపెట్టవచ్చు, అంత తేట. నేను ఆరేసి మరచిన గంప కూడా కనబడింది. కాస్త పక్కకు జరిపాను. నొబుయె ఉల్లిమడి ఉండాల్సిన చోట నడుమెత్తు కలుపు. అందులో రెండు నల్లావులు పడుకుని తీరిగ్గా నెమరువేస్తున్నాయి. మావేనని ఇంకా దగ్గరికి వంగాను. ఒకదాని కొమ్ము విరిగి ఉంది. రెండోది మరీ చిన్నది. మావి కావు. ఎవరో తమ వాటిని విప్పి వదిలారు.

మళ్లీ ఇటు జరిపాను. కొట్టం తలుపు.

తలుపు మూసి ఉంది. ఇనుప బారు అడ్డంగా దించి ఉంది. బారుకు తువ్వాలు ముడివేసి ఉంది. నీలిచారలు ఎండకు వెలిసి తెల్లబడ్డాయి. గాలికి కొస ఒకటి ఎగిరింది, పడింది.

రెండు నెలలు, మినోరీ.

కోటు కింద చీకట్లో ఎంతసేపు ఉన్నానో తెలియదు. నోట్లోకి కోటు అంచు కుక్కుకున్నట్టు గుర్తు. అప్పుడు కంకర చప్పుడైంది. మీ తాతయ్య బండి దిగి వస్తున్నాడు. నా వెనక వచ్చి ఆగాడు.

"కనిపిస్తోందా?" అన్నాడు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. కొట్టంలో నత్సును చిన్నప్పుడు పాము కరిచిన నాడు కూడా వినలేదు.

నా చెయ్యి ఇంకా లెన్సు మీదే ఉంది. పట్టీని వెనక్కి తిప్పాను. చాలాదూరం తిప్పాను, మంగలి కంబం దాకా, ఈగ దాకా. తెరమీద తలుపు కరిగింది, బారు కరిగింది, తువ్వాలు కరిగింది. నీలం, ఆకుపచ్చ, నీళ్లు. అప్పుడు కోటు తీసి ఆయన తలమీద కప్పాను.

"చూడు," అన్నాను.

ఆయన వంగాడు. వెన్ను గడ్డకట్టినట్టు నిలబడ్డాడు. కాసేపటికి కుడిచెయ్యి పైకి లేచి లెన్సును పట్టుకుంది. ఎటు తిప్పితే ఏది తేటపడుతుందో ఆయనకు తెలుసు. అన్ని సాయంత్రాలూ దీపం పట్టుకుని కూర్చున్నది ఆయనే కదా. వేళ్లు పట్టీ మీద ఉన్నాయి. కొండగాలి వీస్తోంది. కింద ఎక్కడో కోయిల కూసింది.

ఆయన తిప్పలేదు.

చెయ్యి దించి, కోటు తీసి, మడిచి నాకిచ్చాడు. "పొగమంచు," అన్నాడు.

ఆకాశంలో దూదిపింజంత మబ్బు కూడా లేదు. క్యూజి నోరు తెరిచాడు. రింగు ఆయన చేసింది, పనితనం ఆయనది, పాపం. నేను ఆయనకేసి చూశాను. నోరు మూసుకున్నాడు.

"అవునయ్యా. పొగమంచు," అన్నాను.

బండిలో కూర్చున్నాక మీ తాతయ్య నడుం సంచి విప్పి ముద్ర తీశాడు. అరచేతిలో పెట్టుకుని చూసి నా చేతిలో పెట్టాడు. "ఆ మనిషి వస్తే నువ్వే వెయ్యి," అన్నాడు. వేశాను. ఆ పెద్దమనిషి మేం ఆవులకోసం ఏడుస్తున్నామనుకుని తానూ కళ్లు తుడుచుకున్నాడు. అదీ అబద్ధం కాదులే.

ఆ శరదృతువులో మాకు రేకుల తాత్కాలిక ఇల్లు ఇచ్చారు. అదే వరసలో చివరి గది నొబుయె వాళ్లది. ఒకరోజు బజారులో కొన్న ఉల్లిపాయల సంచి పట్టుకుని నవ్వుకుంటూ వచ్చింది. "బావగారూ, ఇవిగో! మీ ఆవులు పోనీలే పాపమని మిగిల్చినవి!"

మీ తాతయ్య తింటున్న గిన్నె పక్కన పెట్టాడు. మోకాళ్ల మీదికి జరిగి, చేతులు చాప మీద ఆనించి తల వంచాడు. నుదురు చాపకు తగిలింది. లేవలేదు.

"బావగారూ, ఏంటిది? లేవండి, తమాషాకి అన్నాను. అక్కా, చెప్పవే!"

"ఉండనీ నొబుయె," అన్నాను. "ఉండనీ కాసేపు."

ఆ తర్వాత అయిదేళ్లు బతికాడు. మేం ఇద్దరం దాని గురించి ఒక్క మాట అనుకోలేదు. కొత్త తువ్వాళ్లు ఎన్నో కొన్నాను. మొహం తుడుచుకుని, తడిదైనా సరే, మడిచి జేబులో పెట్టుకునేవాడు తప్ప దేనికీ కట్టేవాడు కాదు, తలుపు గడియకు కానీ, ఆరేసే తీగకు కానీ. క్యూజి ఆ పొడుగు లెన్సు మళ్లీ తగిలించలేదు. పోయేముందు ఈ రింగు నాకిచ్చి, "నేను చేసినవాటిలో కచ్చితంగా కుదిరింది ఇదొక్కటే వదినా," అన్నాడు.

మినోరీ, రేపు నీకు పిల్లలు పుడతారు, వాళ్లూ ఈ సొరుగు తీసి ఇది గాజా అని అడుగుతారు. అప్పుడు చెప్పు. కానీ తువ్వాలుతో మొదలుపెట్టకు. ముందు ముల్లంగి సంగతి చెప్పు, మిఠాయిపెట్టె సంగతి చెప్పు, మీ తాతయ్య ఆ రాత్రి అన్నం తినలేదని చెప్పు. పక్కింటి మడిలో తన పశువు కాలు పెట్టకూడదని భయపడే మనుషులుండేవారని వాళ్లకు ముందు తెలియాలి. ఆ తర్వాత బస్సు, ఆ తర్వాత తలుపు.

పేర్లు మాత్రం ఒక్కటి కూడా వదలకు. వాటిని పిలిచేవాళ్లు ఇంకెవరూ లేరు. ఏదీ, ఒకసారి చెప్పు, వింటాను. కొయుకితో మొదలుపెట్టు.